నల్ల సైకిల్ మీద వచ్చేవారినీ పలకరించండి: హైదరాబాద్ సైకిల్ బృందాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో తెల్లవారుజామున సైకిల్ తొక్కే బృందాల నిర్వాహకులకు, రైడ్ కెప్టెన్లకు, సభ్యులందరికీ నమస్కారం.

ఒకే ఒక్క విన్నపంతో ఈ లేఖ రాస్తున్నాను. దారిలో ఎదురైన తోటి సైకిలిస్టును పలకరించే మంచి అలవాటు మీలో ఉంది. దాన్ని హెల్మెట్ పెట్టుకున్నవారి దగ్గరే ఆపేయకండి. గేర్లు లేని నల్ల సైకిల్ మీద, క్యారియర్‌కు పాలక్యాన్లు కట్టుకుని వెళ్లే పెద్దాయనకు, రాత్రి డ్యూటీ దిగి గదికి వెళ్తున్న సెక్యూరిటీ గార్డుకు, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకుని కోకాపేట టవర్ల దగ్గరికి పనికి పోయే సెంట్రింగ్ కార్మికుడికి కూడా అదే పలకరింపు దక్కాలి. కొత్తగా చేరినవారికి గేర్లు ఎలా మార్చాలో, గుంపులో ఒకరి చక్రానికి ఒకరు తగలకుండా ఎలా తొక్కాలో నేర్పేది మీరే. ఈ మర్యాదను నేర్పగలిగిందీ మీరే.

నాకు రెండు సైకిళ్లు ఉన్నాయి. ఆదివారాల్లో లంగర్‌హౌస్ నుంచి గండిపేట, చిలుకూరు, శంకర్‌పల్లి వైపు వెళ్లేది సన్న టైర్ల సైకిల్ మీద. హెల్మెట్, గ్లౌజులు, కళ్లద్దాలు అన్నీ ఉంటాయి. ఎదురొచ్చిన ప్రతి బృందమూ నన్ను చూసి తల ఊపుతుంది, వేళ్లు ఎత్తుతుంది, ‘నమస్తే మేడమ్’ అంటుంది. మిగతా రోజుల్లో పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్లేది ముందు బుట్ట ఉన్న పాత లేడీస్ సైకిల్ మీద, చుడీదార్‌లో, భుజాన సంచితో. కొంతదూరం దారి అదే. ఎదురయ్యే మనుషులూ చాలావరకు వారే. కానీ ఆ రోజుల్లో నేను వారి కళ్లకు ఆనను. చూపు నా మీదుగా జారి రోడ్డు మీదికి వెళ్లిపోతుంది. ఇది ఎవరూ కావాలని చేస్తున్న పని కాదని నాకు తెలుసు. మనిషిని కాక సామగ్రిని చూసి పలకరించడం ఎప్పుడు అలవాటైందో వారికే తెలియదు. నాకు వచ్చిన నష్టమేమీ లేదు. ఆదివారం మళ్లీ వస్తుంది, మళ్లీ పలకరిస్తారు. ఏ ఆదివారమూ ఆ పలకరింపు అందని మనుషుల గురించే నా బాధ.

గండిపేట దారిలో పొద్దున ఐదున్నర, ఆరు గంటల మధ్య సైకిల్ మీద ఎవరెవరు ఉంటారో ఒకసారి నిదానంగా గమనించండి. నార్సింగి, మంచిరేవుల, పుప్పాలగూడ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర రాత్రంతా మేలుకుని డ్యూటీ మారిన గార్డులు ఉంటారు. పేపర్ కట్టలు పెట్టుకున్న కుర్రాళ్లు ఉంటారు. ఒడిశా, బిహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి రేకుల షెడ్లలో బతుకుతూ ఈ నగరానికి అంతస్తుల మీద అంతస్తులు వేస్తున్న కార్మికులు ఒక్కో సైకిల్ మీద ఇద్దరిద్దరు కనిపిస్తారు. హిమాయత్‌సాగర్ వైపు వెళ్తే చేపల బుట్టలు, గడ్డిమోపులు. మొయినాబాద్, చేవెళ్ల పల్లెల దగ్గరికి వచ్చేసరికి మోకు భుజాన వేసుకుని తాటిచెట్ల వైపు సాగే గీత కార్మికులు. వీరిలో చాలామంది ఇప్పటికే మోపెడ్లకు, మోటారు సైకిళ్లకు మారిపోయారు. పెట్రోలు ఖర్చు భరించలేనివారే సైకిల్ మీద మిగిలారు.

మనం వారానికి ఒకటి రెండుసార్లు ఆరోగ్యం కోసమో, సంతోషం కోసమో వెళ్లే దారులు వారికి రోజూ తప్పని దారులు. గదికీ డ్యూటీకీ మధ్య 10 కిలోమీటర్లు ఉన్న గార్డును తీసుకోండి. రానూపోనూ 20. నెలకు 26 డ్యూటీలు చేస్తే 520 కిలోమీటర్లు. గేర్లు లేవు, సైకిల్ తేలికది కాదు, ముందురోజు నిద్ర లేదు. మన బృందాల్లో ఎవరైనా ఒక నెలలో అంత దూరం తొక్కితే చప్పట్లు కొడతాం, ఫొటో పెడతాం, మనస్ఫూర్తిగా అభినందిస్తాం. అది న్యాయమే. అదే దూరం తొక్కిన మరో మనిషి మూరెడు దూరంలో దాటిపోతుంటే కనీసం తల ఊపకపోవడం మాత్రం న్యాయం కాదు.

2020 మే నెల ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. లాక్‌డౌన్‌తో పనులు ఆగిపోయి, రైళ్లూ బస్సులూ దొరక్క, ఈ నగరాన్ని కట్టిన ఎందరో కార్మికులు మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని సొంత ఊళ్లకు బయల్దేరారు. నడిచినవారు నడిచారు. దాచుకున్న కొద్ది డబ్బుతో సైకిల్ కొనుక్కుని వందల కిలోమీటర్లు తొక్కినవారూ ఉన్నారు. మనలో చాలామంది సైకిల్ కొన్నది కూడా ఆ ఏడాదే. జిమ్‌లు మూతపడ్డాయి, రోడ్లు ఖాళీగా ఉన్నాయి, దుకాణాల్లో గేర్ల సైకిళ్లకు గిరాకీ పెరిగిపోయింది. అదే ఏడాది జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే, సాహిబాబాద్‌లోని అట్లాస్ సైకిల్ కర్మాగారం పని ఆపేసింది. మన తండ్రులు, తాతలు తొక్కిన ఎన్నో నల్ల సైకిళ్ల మీద ఆ పేరే ఉండేది. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన ఆ దినోత్సవాన్ని మీ బృందాలు ఏటా జరుపుకొంటాయి. టీషర్టులు వేసుకుని ర్యాలీ తీస్తాయి. ఆ ర్యాలీ పక్కనుంచి గడ్డిమోపుతో పోతున్న సైకిల్ కూడా ఆ పండుగలో భాగమేనని మనవారికి తోచాలని నా కోరిక.

పలకరింపు వట్టి మర్యాద కోసమే అని నేను అనుకోవడం లేదు. ఈ రోడ్ల మీద కారు, లారీ నడిపేవారి కళ్లకు సైకిల్ కనిపించడమే కష్టం. అలాంటి చోట ఒక సైకిలిస్టు మరొకరికి తల ఊపితే ‘నేను మిమ్మల్ని చూశాను’ అని చెప్పినట్టు. ముందు వంపులో ఏదైనా జరిగితే, ఫలానా చోట ఫలానా మనిషి ఎదురయ్యారని చెప్పగలిగిన ప్రాణి ఒకటుంటుంది. పైగా ఆ దారుల గురించి మనకంటే వారికే ఎక్కువ తెలుసు. కుక్కల గుంపు ఎక్కడ మకాం వేసిందో, రాత్రి టిప్పర్ల నుంచి కంకర ఎక్కడ జారిందో వారు చెబితేనే తెలుస్తుంది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే దిగువన ఔటర్ సర్వీసు రోడ్డు మీదికి నీళ్లు వస్తాయి. వానాకాలంలో అటు వెళ్లేవారికి ఎదురొచ్చే చేపల బుట్ట సైకిలే ముందస్తు హెచ్చరిక. రోజూ పలకరించే ముఖమైతే ఆయన తనంతట తానే చెయ్యి అడ్డం పెట్టి ఆపుతారు. ఎన్నడూ కన్నెత్తి చూడని గుంపును ఆయన ఎందుకు ఆపాలి?

సరే, ఎలా పలకరించాలి? దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే తెలియక చేసే పలకరింపు ప్రమాదం తెస్తుంది.

ఇద్దరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే, మధ్య దూరం సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. 50 మీటర్ల దూరంలో ముఖం కనిపించిందనుకుంటే చేతిలో ఉన్నది మూడు సెకన్లు. అందులో సంభాషణ కుదరదు. ఒక చూపు, ఒక చిరునవ్వు, తల చిన్నగా ఊపడం. గాలి అనుకూలంగా ఉంటే ఒక మాట. అంతే. చెయ్యి మొత్తం ఎత్తి ఊపకండి. ఏ చెయ్యి తీసినా ఒక బ్రేకు వదిలినట్టే. రోడ్డు మీద గుంతలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. వాహనం నడిపేవారు చేతితో ఇచ్చే సంకేతాల్లో కుడి ముంజేతిని నిలువుగా పైకెత్తితే ఆగబోతున్నానని అర్థం. కుడిచెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ కదిపితే వేగం తగ్గిస్తున్నానని అర్థం. మీరు ఎదుటివారికి ప్రేమగా ఊపిన చెయ్యిని వెనకున్న బండివారు మరోలా అర్థం చేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. అరచెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి, రెండు మూడు వేళ్లు పైకి లేపితే ఎదుటివారికి చక్కగా కనిపిస్తుంది, పట్టూ తప్పదు.

దిగుడు మీద, వంపులో, కూడలిలో, తడిరోడ్డు మీద అదీ వద్దు. అక్కడ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. మెహిదీపట్నం కూడలిలో, బస్సుల మధ్య చిక్కుకుని ఎవరి ప్రాణం వారు కాపాడుకుంటున్నప్పుడు ఎవరూ ఎవరినీ పలకరించక్కర్లేదు. మనిషి ముఖం చూసే తీరిక రోడ్డు ఇచ్చినచోట చూడండి చాలు.

ఎదురుగా వచ్చేవారి విషయం సులువే. అసలు పరీక్ష, వెనకనుంచి దాటేటప్పుడు వస్తుంది. మీ గుంపు రెండు వరుసల్లో, గంటకు 35 కిలోమీటర్ల వేగంతో, దాదాపు చప్పుడు లేకుండా వస్తుంటుంది. ముందు పాల సైకిల్ పోతోంది. ఒక్కో క్యానులో 20 లీటర్లు ఉన్నా, రెండు పక్కలా కలిపి 40 కిలోలకు పైనే బరువు. హఠాత్తుగా చెవి పక్కన వెనక చక్రాల ఫ్రీవీలు టకటకలాడి, పది పదిహేను సైకిళ్లు మోచేతిని రాసుకుంటూ పోతే ఆయన ఉలిక్కిపడతారు. ఆ బరువుతో హ్యాండిల్ ఒక్కసారి వంకర పోయిందంటే మళ్లీ నిలబెట్టుకోవడం కష్టం. పాలు నేలపాలైతే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఇలా జరగడం నేను చూశాను. గుంపులో ముందున్నవారికి వెనక ఏం జరిగిందో తెలియనే తెలియలేదు.

కాబట్టి దాటడానికి ముందే, కనీసం 20 మీటర్ల దూరం నుంచే, వస్తున్నామని మాట వినిపించాలి. గుంపులో మీరు మీరు వాడుకునే ఇంగ్లిష్ కేకలు ఆయనకు పనికిరావు. ‘పెద్దయ్యా, కుడివైపు నుంచి వస్తున్నాం’ అనండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారు అనిపిస్తే ‘భయ్యా, సీదే హాత్ సే’ అనండి. ఈ నగరంలో అది అర్థం కానివారు అరుదు. ‘సైడ్, సైడ్’ అని అరవడం పలకరింపు కాదు, రోడ్డు మీ సొంతమని చెప్పడం. వేగం తగ్గించి, ఒక మీటరున్నర వదిలి దాటండి. గుంపులో చివర ఉన్నవారు ‘ఇక వెనక ఎవరూ లేరండీ’ అని ఒక్క మాట చెప్పి వెళ్లండి. ఈ ఆఖరి మాట ఎంత విలువైనదో, గుంపు దాటుతుంటే పక్కకు ఒదిగి తొక్కినవారికే తెలుస్తుంది. ఇంకెంతమంది ఉన్నారో తెలియక, వెనక్కి తిరిగి చూడలేక, భుజాలు బిగబట్టుకుని తొక్కుతుంటాం. ఆ మాట వినగానే ఊపిరి ఆడుతుంది.

ఏ మాటతో పలకరించాలన్న దానికి నియమం అక్కర్లేదు. నమస్తే, సలాం, ఆదాబ్. పెద్దయ్యా, అన్నా, తమ్ముడూ, చాచా. మీ నోటికి సహజంగా వచ్చిందే మంచిది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. వయసులో పెద్దవారిని ‘నువ్వు’ అనకండి. టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు మన జట్టులో పాతికేళ్ల కుర్రాడిని ‘మీరు’ అనే మనుషులే, అరవై ఏళ్ల గార్డును ‘ఏయ్, ఈ దారి ఎటు పోతుంది’ అనడం విన్నాను. వినలేకపోయాను.

గంట గురించి రెండు మాటలు. బరువు పెరుగుతుందని చాలామంది ఖరీదైన సైకిళ్లకు గంట పెట్టించుకోరు. పెట్టించుకోండి. దూరం నుంచి ఒక్కసారి టింగ్‌మంటే అది పలకరింపు. వీపు వెనక చేరి ఆగకుండా మోగిస్తే అది తరిమివేయడం.

లైట్లు ఇంకా ముఖ్యం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మనందరికీ గర్వకారణం. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5, ప్రారంభమైనప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం 4.5 మీటర్లే. అంత ఇరుకులో ఎదురెదురుగా వచ్చేటప్పుడు, కళ్లలోకి సూటిగా కొట్టే, మిణుకుమిణుకుమనే తెల్ల లైటుతో ఎవరి ముఖమూ కనిపించదు. ట్రాక్ మీద దీపాలు ఉన్నాయి కదా, మీ లైటును కిందికి వంచండి, మిణుకు ఆపండి. ఎదుటివారి కళ్లకు హాయి కలిగించడం అక్కడ మొదటి పలకరింపు. ఆ ట్రాక్ మీద అద్దె సైకిళ్లతో వచ్చే చిన్నపిల్లలు రెండు చేతులూ ఊపేస్తారు. వారి కోసం వేగం తగ్గించి, బాగా దూరంగా జరగండి. వారికి తిరిగి వేళ్లు ఎత్తకుండా మాత్రం పోకండి.

ఇక ఆడవాళ్ల సంగతి. తెల్లవారక ముందు ఒంటరిగా తొక్కుతున్న స్త్రీకి ఎదురుగా వచ్చిన మనిషి తల ఊపి, నమస్తే అని దాటిపోతే ధైర్యంగా ఉంటుంది. అదే మాట వెనకనుంచి వస్తే వేరు. చప్పుడు లేకుండా చేరి, పక్కన సమానంగా తొక్కుతూ, పేరేమిటి, ఎక్కడ ఉంటారు, రోజూ ఇదే వేళకు వస్తారా అని అడగడం పలకరింపు కాదు. బాగా తొక్కుతున్నారు మేడమ్ అని మెచ్చుకోవడం కూడా, చెప్పినవారి ఉద్దేశం ఎంత మంచిదైనా, ఆ చీకట్లో ఆమెకు అవసరం లేని మాట. దాటుతున్నామని చెప్పండి, దాటండి, ముందుకు సాగిపోండి. ఆమె బదులు పలకకపోతే అది పొగరు కాదు, జాగ్రత్త. ఇంటికి వెళ్లాక యాప్‌లో ఆమె ఎవరో వెతకడం అసలే తగదు. సైకిల్ ప్రయాణాలను నమోదు చేసే స్ట్రావా యాప్‌లో, మన దారిలో ఎదురైనవారెవరో చూపించే ‘ఫ్లైబై’ సదుపాయం ఒకటుంది. 2020లో దాన్ని, ఎవరికి వారు ఒప్పుకుంటే తప్ప కనిపించకుండా మార్చారు. ఆ మార్పు ఎందుకు అవసరమైందో ఒంటరిగా తొక్కే ఏ స్త్రీని అడిగినా చెబుతుంది. రోడ్డు మీద మొదలైన పలకరింపు రోడ్డు మీదే ముగియాలి.

సైకిల్ మీద బడికి వెళ్లే ఆడపిల్లలు కనిపిస్తే మాట కూడా వద్దు. వేగం తగ్గించి, దూరంగా జరిగి దాటండి. వారికి మనం ఇవ్వగల గౌరవం అదే.

ముందు వెళ్తున్న అపరిచితుల వెనక చక్రానికి అతుక్కుని తొక్కడం మరో అలవాటు. ముందున్నవారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకున్నవారి శ్రమ బాగా తగ్గుతుంది. ఆ మేలు పొందేటప్పుడు ‘కాసేపు మీ వెనక వస్తానండీ’ అని అడగడం కనీస మర్యాద. వారు ఒద్దంటే పక్కకు తప్పుకోవాలి.

అన్నిటికంటే పెద్ద పలకరింపు ఆగడం. రోడ్డు పక్కన గేర్ల సైకిల్ తలకిందులుగా పెట్టుకుని ఎవరైనా కూర్చుంటే, మీలో ప్రతి ఒక్కరూ ‘అంతా బాగేనా, ట్యూబు ఉందా’ అని అడుగుతారు. ఎన్నోసార్లు నాకూ సాయం చేశారు, కృతజ్ఞతలు. మరి నల్ల సైకిల్‌ను నడిపించుకుంటూ పోతున్న మనిషి కనిపిస్తే ఎందుకు అడగం? చేతిలో సైకిల్ ఉండి నడుస్తున్నారంటే కారణం ఉంటుంది. ఆ వేళకు పంక్చరు దుకాణాలు తెరవరు. కార్మికుడు సైటుకు ఆలస్యంగా చేరితే ఆ పూట కూలికి ఎసరు వస్తుంది.

మన పంపు వారి సైకిల్‌కు పట్టదని చాలామంది అనుకుంటారు. పడుతుంది. నల్ల సైకిళ్లకు ఉండే పాతరకం ఉడ్స్ వాల్వుకు, మన సన్న టైర్లకు ఉండే ప్రెస్టా వాల్వుకు మూతి దగ్గర లావు దాదాపు ఒకటే. ప్రెస్టాకు బిగించే పంపు తలతోనే ఆ టైరులో గాలి కొట్టవచ్చు. మన ట్యూబు మాత్రం వారికి సరిపోదు. వారి 28 అంగుళాల చక్రానికి రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, ‘700సీ’ అనే కొలత ఉన్న మన సన్న టైర్ల చక్రానికి 622. టైరు లావులోనూ చాలా తేడా ఉంది. అయితే ప్యాచీ, సొల్యూషన్ ఎవరి ట్యూబుకైనా అంటుకుంటాయి. మరో సంగతి ఏమిటంటే, ఉడ్స్ వాల్వు లోపల సన్నటి రబ్బరు గొట్టం ముక్క ఉంటుంది. అది చీలినా గాలి దిగిపోతుంది. చూడటానికి పంక్చరులాగే ఉంటుంది కానీ టైరు విప్పక్కర్లేదు. వాల్వు తీసి ఆ రబ్బరు ముక్క మార్చి, మళ్లీ గాలి కొడితే చాలు, రెండు నిమిషాల పని. ఏ సైకిల్ దుకాణంలో అయినా అతి తక్కువ ధరకు దొరికే ఆ రబ్బరు గొట్టాన్ని జానెడు కొని సీటు కింది సంచిలో పెట్టుకోండి. మీరు వెళ్లే దారుల్లో అది ఎవరి పూట కూలినైనా కాపాడవచ్చు. సాయం చేశాక ఆ మనిషితో ఫొటో మాత్రం తీసుకోకండి. మన జట్టువారికి ట్యూబు ఇచ్చినప్పుడు తీసుకోం కదా.

నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా వినిపించే సమాధానాలు కొన్ని ఉన్నాయి. మేము కొలిచిన వేగంతో, కొలిచిన గుండె వేగంతో సాధన చేస్తుంటాం, మధ్యలో అందరినీ పలకరించలేం అంటారు. మీ బృందంవారు ఎదురైతే ఆ సాధనలోనే తల ఊపుతున్నారు, ఇదీ అంతే. పలకరించినా వారు పలకరు, వింతగా చూస్తారు అంటారు. ఇన్నేళ్లుగా పక్కనుంచి దూసుకుపోయిన మనుషులు ఇవాళ అకస్మాత్తుగా తల ఊపితే ఎవరైనా వింతగానే చూస్తారు. తననే పలకరించారని నమ్మకం కుదరక వెనక్కి తిరిగి చూసినవారు నాకు తెలుసు. ఆ అపనమ్మకానికి కారణం మనమే, కాబట్టి కొన్నాళ్లు ఓపిక పట్టాల్సిందీ మనమే. బదులు రావాలని లెక్క పెట్టుకోకండి. భారం మోస్తూ, ఎదురుగాలిలో, నిద్రలేక తొక్కేవారికి తల ఎత్తే ఓపిక కూడా ఉండకపోవచ్చు.

ఇంకొందరు, వారికి మా పలకరింపుతో ఒరిగేదేముంది, వారికి కావాల్సింది మంచి రోడ్డు, మంచి జీతం అంటారు. మంచి రోడ్డు కావాలి, నిజమే. సైకిల్ దారుల కోసం మీరు అధికారులకు వినతిపత్రాలు ఇస్తున్నారు, సంతోషం. ఆ వినతుల్లో రాత్రి పదింటికి డ్యూటీకి పోయే గార్డు దారి కూడా ఉండాలంటే, ఆయన ఏ దారిన పోతారో, ఎక్కడ దీపం లేదో, ఏ ఫ్లైఓవర్ కింద లారీలు ఒత్తుకొస్తాయో ముందు మనకు తెలియాలి. ఆయనను అడగకుండా అది తెలియదు, పలకరించకుండా అడగలేం. ఈ నగరంలో రోజూ సైకిల్ మీద ఆధారపడి బతికేవారిని లెక్కలోకి తీసుకోని సైకిల్ ఉద్యమాన్ని నేను నా ఉద్యమం అనుకోలేను.

నేను కోరేది చాలా చిన్నది. ప్రతి రైడ్‌కు ముందు కూడలిలో నిలబెట్టి కొన్ని జాగ్రత్తలు చెబుతారు కదా: హెల్మెట్ బిగించుకోండి, ఎర్రలైటు పడితే ఆగండి, గుంత వస్తే వెనకవారికి చూపించండి. వాటితోపాటు ఇంకొక్క నిమిషం తీసుకోండి. దారిలో ఏ సైకిల్ ఎదురైనా తల ఊపండి, వెనకనుంచి దాటేటప్పుడు తెలుగులోనో హిందీలోనో ముందే చెప్పండి, నల్ల సైకిల్ ఆగి ఉంటే మీరూ ఆగండి అని చెప్పండి. గుంపు చివర ఎవరు ఉంటారో, ‘ఇక ఎవరూ లేరండీ’ అనే మాట ఎవరు చెబుతారో అక్కడే తేల్చండి. ముందు కెప్టెన్ తల ఊపితే వెనక ఇరవైమంది ఊపుతారు, అది నేను స్వయంగా చూశాను.

ఏ బృందమైనా ఆ ఒక్క నిమిషం నన్ను మాట్లాడమంటే తప్పకుండా వస్తాను. లంగర్‌హౌస్ చుట్టుపక్కల అయితే సైకిల్ మీదే, ఐదు గంటలకల్లా. ఆ రబ్బరు గొట్టం మార్చడం ఎలాగో కూడా చేసి చూపిస్తాను.

ఇట్లు
మీ తోటి సైకిలిస్టు,
లంగర్‌హౌస్, హైదరాబాద్